పెల్లెట్ స్టవ్ కొనేముందు పొగ దారి చూడండి

చలికాలం దగ్గర పడిందంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఇల్లు వెచ్చబరిచే పెల్లెట్ స్టవ్ కబుర్లు మొదలవుతాయి. ఏ మోడల్ మంచిది, ఎన్ని బీటీయూల వేడి ఇస్తుంది, అద్దంలోంచి మంట బాగా కనిపిస్తుందా, ఫోన్‌తో ఆన్ చేసుకోవచ్చా, ఇలా అన్నీ అడుగుతారు. పొగ ఎటు పోతుందని మాత్రం ఎవరూ అడగరు. నన్నడిగితే మొదట తేల్చుకోవాల్సింది అదే. సర్టిఫికేషన్ ఉన్న స్టవ్‌లు లోపల చాలావరకు బాగానే తయారవుతున్నాయి. కొంప ముంచేది వాటి వెనకాల ఉండే గొట్టం, దాన్ని ఎవరు బిగించారు, ఆ తర్వాత ఎవరైనా దాన్ని విప్పి చూశారా లేదా అన్నదే.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. రంపపు పొట్టుని గట్టిగా ఒత్తి, 6 మిల్లీమీటర్ల మందంలో చిన్న చిన్న గుళికలుగా చేస్తారు. అవే పెల్లెట్లు. స్టవ్ పైభాగంలో ఉండే హాపర్‌లో వాటిని పోస్తే, స్క్రూలా తిరిగే ఆగర్ కొంచెం కొంచెంగా బర్న్ పాట్‌లోకి, అంటే మంట మండే చిన్న గిన్నెలోకి తోస్తుంది, ఇగ్నైటర్ అంటిస్తుంది, ఒక ఫ్యాన్ పొగని బయటికి పంపుతుంది, ఇంకో ఫ్యాన్ వేడిగాలిని గదిలోకి వదులుతుంది. అంతా ఒక సర్క్యూట్ బోర్డు చూసుకుంటుంది. బటన్లు, డిస్‌ప్లే, రిమోట్ చూసేసరికి ఇది కూడా వాషింగ్ మెషీన్ లాంటిదే, తెచ్చి ప్లగ్ పెట్టుకుంటే సరిపోతుంది అనే ధీమా వచ్చేస్తుంది. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

మామూలు కట్టెల పొయ్యికి చిమ్నీ ఉంటుంది, వేడి పొగ తనంతట తానే పైకి లేస్తుంది కాబట్టి ఆ చిమ్నీలో చిన్న సందు ఉన్నా సాధారణంగా గదిలోని గాలే లోపలికి పోతుంది తప్ప పొగ బయటికి రాదు. పెల్లెట్ స్టవ్‌లో అలా కాదు. ఇక్కడ ఫ్యాన్ పొగని గొట్టంలోకి నెడుతుంది, అంటే గొట్టంలో ఒత్తిడి బయటికంటే ఎక్కువ. ఏ అతుకు దగ్గర సందు ఉన్నా పొగ, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్, నేరుగా మీ హాల్లోకి వస్తాయి. అందుకే ప్రతి అతుకూ సీల్ అయి ఉండాలి, గొట్టం కూడా పెల్లెట్ పొగకి ఆమోదం ఉన్నదే అయి ఉండాలి. అమెరికా, కెనడాల్లో అయితే దానిమీద టైప్ ఎల్ అనో పీఎల్ అనో రాసి ఉంటుంది, లోపలా బయటా రెండు పొరలు ఉంటాయి. బట్టల డ్రయ్యర్ గొట్టం, గ్యాస్ హీటర్‌కి వాడే బీ-వెంట్ చూడటానికి అలాగే ఉంటాయి, చవగ్గానూ దొరుకుతాయి. వాటిని ఈ స్టవ్‌కి తగిలించడం మాత్రం ప్రాణాలతో ఆటలే.

గొట్టం ఎంత పొడుగు, ఎన్ని వంపులు అన్నదానికీ లెక్క ఉంది. చాలా మాన్యువల్స్‌లో 90 డిగ్రీల ఎల్బో, అంటే గొట్టాన్ని మలుపు తిప్పే ముక్క, ఒక్కటి 5 అడుగుల గొట్టంతో సమానం, అడ్డంగా పోయే ప్రతి అడుగూ ఒక అడుగు, నిలువుగా పోయేది అరడుగు. ఇలా కూడితే వచ్చే మొత్తం 15 అడుగులు దాటితే 3 అంగుళాల గొట్టం చాలదు, 4 అంగుళాలది వేయమంటారు. మూలలో స్టవ్ పెడితే అందంగా ఉంటుందని మూడు ఎల్బోలు తిప్పి గొట్టం లాగినవాళ్లు, ఆ తర్వాత అద్దం రోజూ నల్లబడుతోంది, మంట బద్ధకంగా లేస్తోంది అని స్టవ్‌ని తిడుతుంటారు. పాపం స్టవ్ ఏం చేస్తుంది, ఊపిరాడట్లేదు దానికి. ఇంకో మాట, నేరుగా గోడలోంచి అడ్డంగా బయటికి తీసేయడం సులువే గానీ, వీలైతే కొన్ని అడుగులైనా నిలువు గొట్టం ఉండేలా వేయించుకోండి. కరెంటు పోయి ఫ్యాన్ ఆగినప్పుడు మిగిలిన పొగ ఆ నిలువు గొట్టం వల్లే పైకి లేచి బయటికి పోతుంది, లేదంటే ఇంట్లోకి తిరుగుతుంది.

బయట గొట్టం ఎక్కడ తేలుతుందో కూడా చూసుకోవాలి. కిటికీ కిందో, తలుపు పక్కనో పెడితే పొగ మళ్లీ ఇంట్లోకే వస్తుంది. తెరుచుకునే కిటికీలు, తలుపుల నుంచి కిందికీ పక్కకీ 4 అడుగులు ఎడం ఉండాలని చాలా చోట్ల నియమం, అయితే మీ స్టవ్ మాన్యువల్, మీ ఊరి బిల్డింగ్ కోడ్ ఏం చెబితే అదే ఆఖరి మాట. మంచు ఎక్కువ పడే చోట నేలకి దగ్గరగా తీసిన గొట్టం మూతి మంచులో పూడుకుపోతుంది, పెద్ద మంచు పడ్డ మర్నాడు పార పట్టుకుని ముందు వెళ్లాల్సింది కారు దగ్గరికి కాదు.

ఇదంతా యూట్యూబ్ చూసి, శనివారం ఇద్దరు స్నేహితుల్ని పిలిచి చేసేయొచ్చు అనుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. డిగ్రీలున్నాయి, డ్రిల్లింగ్ మెషీనుంది, ఇంక భయమెందుకు అని. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా: ఈ ఒక్క పనీ మీరు చేయకండి. స్టవ్ మీద మిగుల్చుకోండి, కావాలంటే చిన్న మోడల్ కొనుక్కోండి, కానీ బిగించే పనికి మాత్రం దానికి శిక్షణ పొందినవాళ్లనే పిలవండి. అమెరికాలో ఎన్ఎఫ్ఐ సర్టిఫికెట్, కెనడాలో వెట్, బ్రిటన్‌లో హెటాస్, ఇలా దాదాపు ప్రతి దేశంలోనూ ఏదో ఒక గుర్తింపు ఉంది, అది అడిగి చూడండి. పర్మిట్ తీసుకోండి, ఇన్‌స్పెక్షన్ చేయించుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పండి. చెప్పకుండా పెట్టించుకున్న స్టవ్ వల్ల ఏదైనా జరిగితే క్లెయిమ్ దగ్గర ఇరుక్కునేది మీరే. అద్దె ఇల్లయితే ఓనర్ అనుమతి లేకుండా గోడకి కన్నం పెట్టే ఆలోచనే మానుకోండి.

గాలి సంగతి కూడా ఇందులోదే. ఇప్పటి ఇళ్లు గాలి చొరబడకుండా బిగించి కడుతున్నారు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్, బాత్‌రూమ్ ఫ్యాన్, డ్రయ్యర్ అన్నీ ఒకేసారి ఇంట్లో గాలిని బయటికి లాగేస్తుంటే స్టవ్‌కి మండటానికి గాలి కరువవుతుంది. మంటకి కావాల్సిన గాలిని నేరుగా బయటి నుంచి తెచ్చే చిన్న గొట్టం పెట్టించుకుంటే ఈ తలనొప్పి ఉండదు, మొబైల్ హోమ్స్‌లో (ఫ్యాక్టరీలో కట్టి తెచ్చి దింపే ఇళ్లలో) అయితే అది తప్పనిసరి. ఆ గాలిని అటక మీద నుంచో గరాజ్ నుంచో తీసుకోకూడదు.

కరెంటు దగ్గర పెద్దగా చెప్పేదేం లేదు. ఎర్త్ ఉన్న ప్లగ్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ కార్డ్ వద్దు, సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే బోర్డు బతుకుతుంది. వెలిగేటప్పుడు 300, 400 వాట్ల దాకా లాగుతుంది, తర్వాత 100 వాట్ల చుట్టుపక్కల నడుస్తుంది కాబట్టి కరెంటు తరచూ పోయే చోట చిన్న యూపీఎస్ పెట్టుకుంటే కనీసం లోపలి మంట పద్ధతిగా ఆరేదాకా ఫ్యాన్ తిరుగుతుంది. ఆపాలంటే ఆఫ్ బటన్ నొక్కి, అది చల్లారేదాకా ఆగండి. ప్లగ్ పీకి ఆపడం ఆపడం కాదు, పొగని ఇంట్లోకి పిలవడం.

నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయానికి వస్తున్నా. ఈ స్టవ్‌లలో రెండు మూడు సేఫ్టీ స్విచ్‌లు ఉంటాయి. పొగ సరిగ్గా బయటికి పోకపోయినా, తలుపు సరిగ్గా మూసుకోకపోయినా ప్రెజర్ స్విచ్ కనిపెట్టి ఆగర్‌ని ఆపేస్తుంది. స్టవ్ మరీ వేడెక్కితే ఇంకో స్విచ్ ఆపుతుంది. స్టవ్ మాటిమాటికీ ఆగిపోతోందని విసుగొచ్చి, ఆ స్విచ్ రెండు వైర్లనీ కలిపేసి "ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది" అని వీడియోలు పెట్టేవాళ్లున్నారు, వాటిని మన గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసేవాళ్లూ ఉన్నారు. జ్వరం వచ్చిందని థర్మామీటర్ పగలగొట్టుకునే తెలివి ఇది. ఆ స్విచ్ ఊరికే ఆపట్లేదు. గొట్టం బూడిదతో పూడిందేమో, స్విచ్‌కి వెళ్లే సన్నటి రబ్బరు ట్యూబు మూసుకుందేమో, తలుపు చుట్టూ ఉండే గాస్కెట్ తాడు అరిగిందేమో చూడమంటోంది. గాస్కెట్ సంగతి తేల్చుకోవడం చాలా తేలిక: చల్లారిన స్టవ్ తలుపులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి, తేలిగ్గా జారి వచ్చేస్తే గాస్కెట్ మార్చే టైమ్ వచ్చినట్టే. హాపర్ మూత కూడా గట్టిగా మూసుకోవాలి, అక్కడ గాలి లీకైతే మంట వెనక్కి పెల్లెట్ల దాకా పాకే ప్రమాదం ఉంది.

వెలగకపోతే ఏం చేస్తారన్నది ఇంకో పరీక్ష. ఒక్కోసారి ఇగ్నైటర్ అంటించలేదు, కానీ ఆగర్ మాత్రం పెల్లెట్లు పోస్తూనే ఉంటుంది, బర్న్ పాట్ నిండిపోతుంది. అలాగే ఉంచి మళ్లీ స్టార్ట్ నొక్కితే ఆ కుప్ప మండకుండా పొగలు కక్కుతుంది, లోపలంతా తెల్లటి పొగతో నిండుతుంది, ఆ పొగ మండే వాయువే కాబట్టి ఒక్కసారిగా అంటుకుంటే అద్దం పగిలేంత జోరుగా పేలొచ్చు. కాబట్టి మొదటిసారి వెలగకపోతే చల్లారనిచ్చి, పాట్ పూర్తిగా ఖాళీ చేసి, దాని కన్నాలు తెరిచి ఉన్నాయో లేదో చూసి అప్పుడు వెలిగించండి. లోపల పొగ సుళ్లు తిరుగుతుంటే తలుపు తీయొద్దు, ప్లగ్ పీకొద్దు, ఫ్యాన్‌ని దాని పని చేయనివ్వండి, మీరు కాస్త దూరంగా ఉండండి. పెట్రోలు, కిరోసిన్, లైటర్ ఫ్లూయిడ్ లాంటివి దాని దరిదాపుల్లోకి కూడా తేవద్దు.

ఇక బూడిద. ఇక్కడే నేను కొంచెం కటువుగా మాట్లాడతాను. రోజూ కాకపోయినా రెండు రోజులకోసారైనా బర్న్ పాట్ గీకి, అద్దం తుడిచి, బూడిద తీసే ఓపిక లేనివాళ్లు ఈ స్టవ్ కొనకండి. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లి, వారాంతాలు పిల్లల క్లాసులకీ ఫంక్షన్లకీ సరిపోయి, బల్బు మార్చడానికి కూడా టైమ్ లేనివాళ్లకి హీట్ పంపో గ్యాసో మేలు, అందులో నామోషీ ఏం లేదు. ఈ స్టవ్‌కి పని చేయించుకునే గుణం ఉంది. ఏడాదికోసారి గొట్టం, ఎగ్జాస్ట్ ఫ్యాన్, లోపలి పొగదార్లు అన్నీ విప్పి శుభ్రం చేయించాలి, ఎక్కువ కాల్చేవాళ్లు సీజన్ మధ్యలో ఇంకోసారి.

బూడిద చల్లారినట్టే కనిపిస్తుంది గానీ లోపల నిప్పు రవ్వలు రోజుల తరబడి బతికుంటాయి. దాన్ని గట్టి మూత ఉన్న లోహపు డబ్బాలోనే ఎత్తాలి, ఆ డబ్బా ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో, మండని నేల మీద ఉంచాలి. చెక్క డెక్ మీద కాదు, గరాజ్‌లో కాదు, కాగితం సంచిలో అసలే కాదు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌తో బూడిద లాగేవాళ్లున్నారు, ఒక్క రవ్వ చాలు లోపలి దుమ్ము సంచి అంటుకోవడానికి. బూడిద కోసం చేసిన వాక్యూమ్ వాడినా పూర్తిగా చల్లారాకే.

పెల్లెట్ల నాణ్యత కూడా పట్టించుకోవాలి. యూరప్‌లో ఈఎన్ ప్లస్ ఏ1 అని ముద్ర ఉన్నవాటిలో బూడిద 0.7 శాతం మించకూడదు, తేమ 10 శాతం దాటకూడదు. ఎక్కడున్నా అలాంటి గుర్తింపు ఉన్నవే కొనండి. తడిసిన పెల్లెట్లు ఉబ్బి మళ్లీ పొట్టు అయిపోతాయి, ఆగర్‌లో ఇరుక్కుంటే దాన్ని విప్పించాల్సిందే. బస్తాలని పొడిగా ఉంచండి, ఆరబెడదామని స్టవ్ మీదో ఆనించో పెట్టకండి. బస్తాలుగా కాకుండా టన్నుల కొద్దీ గదిలో నింపుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: పెల్లెట్లు ఊరికే ఉన్నా వాటిలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, మూసి ఉన్న నిల్వ గదుల్లోకి, ఓడల గోదాముల్లోకి దిగి మనుషులు చనిపోయారు. గాలి బాగా ఆడకుండా అలాంటి గదిలోకి పిల్లల్నీ పంపొద్దు, మీరూ వెళ్లొద్దు.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హీమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, నీరసం వస్తే ఫ్లూ అనుకుని ఇంకో దుప్పటి కప్పుకుని పడుకుంటాం, అది ఇంకా ప్రమాదం. స్టవ్ ఉన్న అంతస్తులో ఒక అలారం, పడగ్గదుల దగ్గర ఒకటి పెట్టండి, వాటి వెనకాల ఎక్స్‌పైరీ ఏడాది కూడా చూడండి, అవి ఎల్లకాలం పనిచేయవు. అమెరికా ప్రమాణం ప్రకారం గాలిలో ఈ వాయువు 400 పీపీఎం (పది లక్షల వంతుల్లో 400 వంతులు) ఉంటే అలారం 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి, 70 పీపీఎం దగ్గర మాత్రం గంట నుంచి నాలుగు గంటలు పట్టొచ్చు. కాబట్టి ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి మొదలైతే అలారం మోగలేదు కదా అని కూర్చోకండి, ముందు బయటికి వచ్చి ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

ఈ ఏడాది మన సంఘం కార్యక్రమాల్లో ఒక గంట దీనికి కేటాయించి, సర్టిఫికెట్ ఉన్న ఒక టెక్నీషియన్‌ని పిలిపిస్తే బాగుంటుందని కార్యవర్గాన్ని అడుగుతున్నా. ఈలోపు ఎవరైనా ఇల్లు మారుతూ పాత స్టవ్ ఇచ్చేస్తామంటే మాత్రం తొందరపడకండి. వెనకాల ఉండే లేబుల్ చూడండి, గోడకి ఎంత ఎడం ఉండాలి, కింద ఎలాంటి పలక వేయాలి, ఎలాంటి గొట్టం వాడాలి అన్నీ దాని మీదా మాన్యువల్‌లోనూ ఉంటాయి. లేబుల్ చెరిగిపోయి, మాన్యువల్ కూడా ఎక్కడా దొరక్కపోతే, ఊరికే ఇస్తామన్నా తెచ్చుకోకండి, దాన్ని ఏ లెక్క ప్రకారం బిగించాలో ఎంత మంచి ఇన్‌స్టాలరూ చెప్పలేడు.