ఆంపియర్లు సగమైతే బిల్లు సగం కాదు

కరెంటు బిల్లు 40 శాతం తగ్గించే డబ్బా అంటూ వాట్సాప్‌లో ఒక తరహా వీడియో తెగ తిరుగుతోంది. ఒకాయన చిన్న మోటారో, ట్యూబ్‌లైటో వేసి, వైరు చుట్టూ క్లాంప్ మీటర్ తగిలించి ఆంపియర్లు చూపిస్తాడు. పక్క ప్లగ్గులో అరచేతిలో పట్టే డబ్బా గుచ్చగానే ఆ అంకె దాదాపు సగానికి పడిపోతుంది. "వోల్టేజీ మారలేదు, కరెంటు సగమైంది, కాబట్టి వాట్లూ సగమే" అంటాడు. ఆ డబ్బాల్లో సాధారణంగా ఉండేది ఒక కెపాసిటర్ (విద్యుత్తును క్షణకాలం దాచుకుని తిరిగిచ్చే భాగం), వెలిగే చిన్న లైటు. జనం నమ్మడంలో వింత లేదు. అతను చెప్పింది మనందరం బడిలో నేర్చుకున్న లెక్కే. అందుకే దీనికి లెక్కతోనే జవాబు చెప్పాలి. ఆ డబ్బాను సమర్థించే మాటలు ఒక్కొక్కటే తీసుకుందాం.

"వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వాట్లు వస్తాయి." గీజరు విషయంలో ఇది నిజం. 2000 వాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. 230ని 8.7తో భాగిస్తే సుమారు 26.4 ఓమ్‌లు, అదే దాని కాయిల్ నిరోధం. మల్టీమీటర్‌తో కొలిచినా దాదాపు అంతే చూపిస్తుంది.

రాగి చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైటు దగ్గర ఇదే లెక్క తప్పుతుంది. అది లాగేది 0.43 ఆంపియర్లు. 230తో గుణిస్తే 99 వస్తుంది. కానీ ట్యూబు, చోక్ కలిసి ఖర్చు చేసేది సుమారు 50 వాట్లే. చోక్ తనలో అయస్కాంత క్షేత్రం నిలబెట్టుకోవడానికి లైన్ నుంచి కొంత శక్తిని చేబదులు తీసుకుని, మరుక్షణమే తిరిగి ఇచ్చేస్తుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సెకనుకు 100 సార్లు జరుగుతుంది. వైరులో ఆంపియర్లు కనిపిస్తాయి గానీ ఆ భాగం ఖర్చు కాదు. అందుకే 99 అన్నది వోల్ట్ ఆంపియర్లు. వాట్లు కావాలంటే దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే అందులో నిజంగా ఖర్చయ్యే వాటాతో, ఇక్కడైతే సుమారు 0.5తో, మళ్ళీ గుణించాలి.

ఇప్పుడు 4 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ పెడదాం. చోక్‌కి కావలసిన చేబదులులో ఎక్కువ భాగం ఇక పక్కనున్న కెపాసిటరే ఇస్తుంది. లైన్ నుంచి వచ్చే కరెంటు 0.43 నుంచి 0.23కి దిగుతుంది. క్లాంప్ మీటర్ చూపించింది నిజమే. 230ని 0.23తో గుణిస్తే 53, పవర్ ఫ్యాక్టర్ సుమారు 0.95, వాట్లు మళ్ళీ 50. వీడియో దాచేది ఈ చివరి అంకెనే. అక్కడ క్లాంప్ మీటర్ బదులు వాట్‌మీటర్ పెడితే, డబ్బా గుచ్చినా ముల్లు 50 దగ్గర నుంచి కదలదు.

"మీటరు కరెంటును బట్టి తిరుగుతుంది." కాదు. మన ఇళ్ళ బిల్లు కిలోవాట్ అవర్ల మీద, అంటే యూనిట్ల మీద. పాత చక్రం మీటరు కూడా అసలు వాట్లకు తగ్గట్టే తిరిగేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు వోల్టేజీని, కరెంటును క్షణక్షణం కలిపి గుణిస్తుంది కాబట్టి తీసుకుని తిరిగిచ్చింది దానంతట అదే కొట్టుకుపోతుంది.

ఇంటి వైరింగులో వేడిగా పోయేది మాత్రం కొంచెం తగ్గుతుంది, అది ఒప్పుకోవాలి. వైరు నిరోధం 1 ఓమ్ అనుకున్నా, కరెంటు వర్గాన్ని దానితో గుణిస్తే ముందు 0.18 వాట్లు, తర్వాత 0.05. మిగిలింది 0.13 వాట్లు. డబ్బా మీద వెలిగే లైటుకే అంత సరిపోతుంది.

"గీజరు, ఇస్త్రీ పెట్టె, ఫ్రిజ్, ఏసీ అన్నిటికీ పనిచేస్తుంది." గీజరుకీ ఇస్త్రీ పెట్టెకీ పవర్ ఫ్యాక్టర్ ఇప్పటికే దాదాపు 1. అక్కడ ఆంపియర్లు కూడా తగ్గవు. ఆ వీడియోల్లో గీజరు ఎందుకు కనపడదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఫ్రిజ్ మోటారుకి ఆంపియర్లు తగ్గవచ్చు, యూనిట్లు తగ్గవు.

"ఫ్యాక్టరీల్లో వాడుతున్నారు కదా?" వాడుతున్నారు, వాడాలి కూడా. మన రెండు రాష్ట్రాల్లో హైటెన్షన్ కనెక్షన్లకు, అంటే ఎక్కువ వోల్టేజీ మీద తీసుకునే పెద్ద కనెక్షన్లకు, బిల్లు వోల్ట్ ఆంపియర్ల లెక్కలో పడుతుంది. అక్కడ పవర్ ఫ్యాక్టర్ పెరిగితే డబ్బు మిగులుతుంది. బోరు మోటారుకి కెపాసిటర్ పెట్టుకోమని రైతులకు చెప్పేది కూడా మంచి మాటే. పొలాల మధ్య పొడవాటి లైన్లలో, ట్రాన్స్‌ఫార్మర్‌లో కరెంటు తగ్గితే వేడి నష్టం తగ్గుతుంది, చివరి మోటారు దాకా వోల్టేజీ కాస్త నిలబడుతుంది. ఆ నిజాన్ని తెచ్చి, యూనిట్లకు బిల్లు కట్టే ఇంటికి అంటగట్టడమే ఇక్కడి మోసం.

"మా ఇంట్లో నిజంగానే తగ్గింది" అనే వాళ్ళుంటారు. మే నెల బిల్లును ఆగస్టు బిల్లుతో పోలిస్తే డబ్బా లేకపోయినా తగ్గుతుంది. ఇప్పటికే కొన్నవాళ్ళు ఇంట్లోనే తేల్చుకోవచ్చు. మీటరు మీద ఎర్రగా మిణుకుమనే లైటు ఉంటుంది. పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో రాసి ఉంటుంది, చాలా మీటర్లకు 3200. ఫ్రిజ్, ఏసీ లాంటి మధ్యలో ఆగి మొదలయ్యేవి కట్టేసి, ఫ్యాన్లు, లైట్లు మాత్రం ఉంచి, 10 నిమిషాలు మిణుకులు లెక్కపెట్టండి. డబ్బా గుచ్చి మరో 10 నిమిషాలు లెక్కపెట్టండి. రెండు అంకెలూ ఒకటే అయితే ఆ డబ్బా వెనక్కిచ్చి డబ్బులడగండి.