నాలుగో యూనిట్ ఎవరిది?

సబ్జెక్టుల మధ్య గోడలు ఉండకూడదని 2020 జూలై 29న ఆమోదం పొందిన జాతీయ విద్యా విధానం చెప్పింది. మా డిగ్రీ కాలేజీకి ఇది కొత్త సంగతేం కాదు. జువాలజీ ల్యాబుకీ హిస్టరీ గదికీ మధ్య ఉన్న గోడ అంతకుముందు వచ్చిన తుఫానుకే సగం కూలింది. విధానం రాకముందే అమలు చేసిన కాలేజీగా మాకు రావలసిన పేరు రాలేదన్న బాధ మాత్రం మిగిలింది.

నేను అక్కడ తెలుగు చెబుతాను. తెలుగంటే తెలుగొక్కటే కాదు. హిస్టరీ పోస్టు ఖాళీగా ఉన్న రెండేళ్లూ ఫ్రెంచి విప్లవం నా చేతుల మీదుగానే జరిగింది. ఎకనామిక్స్ మేడమ్ ప్రసూతి సెలవులో ఉన్నప్పుడు డిమాండు సూత్రాన్ని కామర్స్ సార్ చూసుకున్నారు. పర్యావరణం ఎప్పుడూ ఆటలాడించే పి.డి. గారిదే, గ్రౌండులో చెట్లున్నాయి కాబట్టి. దీన్ని బహుళ విషయ విద్య అంటారని అప్పట్లో మాకు తెలీదు. 'అడ్జస్ట్‌మెంట్' అనేవాళ్లం.

అన్ని విద్యలూ నేర్వాలన్నది మన పాత సంప్రదాయమేనని విధానంలో రాశారు. బాణభట్టుడి కాదంబరినీ, అరవై నాలుగు కళలనీ సాక్ష్యానికి పిలిచారు. సంగీతం, చిత్రలేఖనం, రసాయనశాస్త్రం, గణితం, వడ్రంగం, వైద్యం అన్నీ అందులో ఉన్నాయట. అరవై నాలుగింటిలో మా దగ్గర స్టాఫ్ ఉన్నవి పదకొండు. వడ్రంగం మాత్రం అందరికీ కొంచెం వచ్చు. మా బెంచీల మీద కూర్చున్నవాళ్లు నేర్చుకోక తప్పదు.

ఉత్సాహం ఆపుకోలేక నేనూ ఒక సాక్షిని పిలిచాను. పావులూరి మల్లన దాదాపు 900 ఏళ్ల కిందట మహావీరాచార్యుడి గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగూ లెక్కలూ కలిపి ఒక చిన్న కోర్సు పెడదామని మా లెక్కల సార్‌తో అన్నాను. ఆయన శ్రద్ధగా విని, "బాగుంది మాస్టారూ, అయితే అది మీ వర్క్‌లోడా, మా వర్క్‌లోడా?" అన్నారు. మల్లన ఈ విషయం ఎక్కడా చెప్పలేదు.

వర్క్‌లోడ్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటలు పాఠం ఉండాలి. తగ్గితే పోస్టుకే ఎసరు. కాబట్టి ఏ రెండు శాస్త్రాలు కలవాలన్నది జ్ఞానం తేల్చే విషయం కాదు. స్టాఫ్ రూము తలుపు వెనక అతికించిన డ్రాయింగ్ షీటు తేలుస్తుంది. రబ్బరుతో చెరిపీ చెరిపీ ఆ షీటు మంగళవారం మూడో పీరియడ్ దగ్గర చిరిగిపోయింది. అక్కడ ఏ క్లాసు వేసినా గోడ కనిపిస్తుంది.

పూర్వం బి.జెడ్.సి., ఎం.పి.సి., హెచ్.ఇ.పి. అని మూడేసి సబ్జెక్టులు ఒకే కప్పు కింద కాపురం ఉండేవి, ఎవరి కుంపటి వాళ్లదే అయినా. తెలంగాణలో సబ్జెక్టులని గుంపులు చేసి బకెట్ పద్ధతి అని పెట్టి, బకెట్‌కి ఒకటి చొప్పున నచ్చిన సబ్జెక్టు తీసుకోమన్నారు. బకెట్లు బాగానే ఉన్నాయి, నల్లా వచ్చే టైము చూసుకోవాలి. మా ఆంధ్రలో 2023-24 నుంచి ఒకటే మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, పక్కన తోడుగా ఒక మైనర్ అన్నారు. మొదటి సెమిస్టర్లో మాత్రం సైన్సు పిల్లలకి అన్నీ కలిపి వండిన పేపర్లు వేశారు. అందులో ఒకదానికి ఐదు యూనిట్లు: లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఈ మూడింటి ఉపయోగాలు, కంప్యూటర్.

ఒకటో యూనిట్ లెక్కల సార్ తీసుకున్నారు. రెండోది ఫిజిక్స్, మూడోది కెమిస్ట్రీ, ఐదోది కంప్యూటర్ మేడమ్. నాలుగోది టేబుల్ మీద మిగిలింది. ఉపయోగాలంటే ఫిజిక్సేగా అన్నారు కెమిస్ట్రీ వారు. లెక్కలు లేని ఉపయోగం ఏముందన్నారు ఫిజిక్స్ వారు. లెక్కల సార్ తన సబ్జెక్టుకి ఉపయోగం ఉందని ఎవరైనా అనడం అదే మొదటిసారి అనుకుంటా, కాసేపు మాట్లాడలేకపోయారు. చివరికి "పిల్లలే చదువుకుంటారులే, ఈజీ యూనిట్" అని ఏకగ్రీవంగా తీర్మానించాం.

మధ్యలో మానేసే సౌకర్యం మాత్రం మెచ్చుకోవాలి. ఒక ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకి డిప్లొమా, మూడేళ్లకి డిగ్రీ, నాలుగేళ్లకి ఆనర్స్. పూర్వం రెండో ఏడు కాగానే పిల్లకి పెళ్లి చేసి పంపిస్తే చదువు ఆపించారని బాధపడేవాళ్లం. ఇప్పుడు 'డిప్లొమాతో నిష్క్రమణ'.

ఆ ఏడు అడ్మిషన్లప్పుడు గుంటూరు వైపు నుంచి ఒకమ్మాయి తండ్రితో వచ్చింది. బోటనీ మేజర్, హిస్టరీ మైనర్ కావాలంది. విధానం రాసినవాళ్లు ఆ క్షణంలో అక్కడుంటే కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లు. అక్కడున్నది మా సీనియర్ అసిస్టెంటు.

"హిస్టరీ కుదరదమ్మా, బోటనీ క్లాసు టైములోనే అదీ ఉంది. ఫిజిక్స్ తీసుకో."

"ఫిజిక్స్ నాకెందుకు సార్?"

"నీకు కాదమ్మా, ఫిజిక్స్ సార్‌కి. ఆయనకి పదకొండు గంటలే ఉన్నాయి."

తండ్రి కల్పించుకుని, "ఇందాక క్రెడిట్ల బ్యాంకు అన్నారు, అందులో ఏమన్నా లోను ఇస్తారా సారూ?" అని అడిగాడు. అది పిల్లలు సంపాదించిన క్రెడిట్లు దాచే ఖాతా. మిరప పంట వేసిన మనిషి, అడగడంలో తప్పు లేదు.

ఆ అమ్మాయి ఫిజిక్సే తీసుకుంది. సెమిస్టర్ మధ్యలో ఒకరోజు బోటనీ క్లాసులో లేచి, మిరపకాయ మనకి బయటినుంచి వచ్చిందంటున్నారు కదా, అంతకుముందు మనవాళ్లు కారానికి ఏం తినేవాళ్లని అడిగింది. బోటనీ సార్ మంచివారు. "క్యాప్సికం ఆన్యుమ్, సొలనేసీ కుటుంబం, రాసుకోండి. తినడం హిస్టరీ కిందికొస్తుంది" అన్నారు. అమ్మాయి వరండా దాటి హిస్టరీ గదికి వెళ్లింది. ఖాళీ నిండి కొత్తగా వచ్చిన సార్ కూడా మంచివారే. "వాస్కోడగామా 1498లో కాలికట్‌లో దిగాడు. మిరియాల కోసం వచ్చాడు. పోర్చుగీసువాళ్ల వెనకాలే అమెరికా ఖండం నుంచి మిరప వచ్చింది. అంతవరకే నా సిలబస్. ఆ మొక్క ఇక్కడ ఎలా బతికిందో బోటనీ వాళ్లనడుగు" అన్నారు. కారం సంగతి మిరియాల మాటున చెప్పేశానని ఆయనకి తెలీదు. కూలిన గోడ సందులోంచి ఇదంతా విన్న జువాలజీ మేడమ్, అది తమ విభాగానికి సంబంధించినది కాదని అడక్కుండానే చెప్పారు.

విషయం ప్రిన్సిపాల్ గారిదాకా వెళ్లింది. ఒక విద్యార్థిని ప్రశ్న రెండు విభాగాల మధ్య వరండాలో ఉండిపోవడం కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ కమిటీ వచ్చే ఏడు బాగుండదని ఆయన టెన్షన్. వెంటనే అంతర్విభాగ అధ్యయన కమిటీ వేశారు. కన్వీనర్‌గా ఎవరిని పెట్టినా రెండోవాళ్లు అలుగుతారు కాబట్టి పి.డి. గారిని పెట్టారు. నన్ను మినిట్స్ రాయమన్నారు, చేతిరాత బాగుంటుందని.

మొదటి సమావేశం శనివారం సాయంత్రం. అజెండాలో మొదటి అంశం మిరపకాయ, రెండోది నాలుగో యూనిట్. పి.డి. గారు బజారు నుంచి మిర్చి బజ్జీలు తెప్పించారు. అన్ని విభాగాలవాళ్లూ ఒకే టేబుల్ చుట్టూ కూర్చోవడం నా సర్వీసులో అదే మొదలు. పొట్లం విప్పగానే కోరం పూర్తయిందని రాశాను.