ఓరగా తెరిచి ఉంచిన తలుపు గారికి

సీరియల్ ఇంటి తలుపు గారికి పలాస నుండి ఒక ప్రేక్షకురాలు నమస్కరించి వ్రాయునది. మేమిక్కడ అందరమూ క్షేమం. మీరూ క్షేమమేనని, ఎప్పటిలాగే నాలుగు వేళ్ల సందు విడిచి ఓరగానే ఉన్నారని సోమవారం మొదలు శనివారం దాకా ప్రతి రాత్రీ కళ్లారా చూస్తూనే ఉన్నాము గనుక, ఆ సంగతి ప్రత్యేకంగా అడగనవసరం లేదు.

కథానాయకుడని ఒకరిని, ప్రతినాయిక అని మరొకరిని అందరూ చెప్పుకుంటారు గానీ, తెలుగు డైలీ సీరియల్‌లో కథ నడిపే అసలు పాత్ర మీరేనన్నది నా నిశ్చితాభిప్రాయం. నాయిక కాఫీ కప్పుల ట్రే పట్టుకుని గది దాకా వస్తుంది. లోపల ఆమె భర్త ఎవరితోనో ఫోనులో "ఆమె లేకుండా నేను బ్రతకలేను" అంటాడు. ఆ "ఆమె" తన భార్యేనని తెలిపే రెండవ వాక్యం అతని నోట వెలువడే లోపలే ట్రే చేజారుతుంది, కప్పులు పగులుతాయి, ఆమె ముఖం మూడు వైపుల నుండి మూడు మార్లు కనిపిస్తుంది, ఎండాకాలమైనా సరే ఉరుము ఉరుముతుంది, ఆ వెంటనే సబ్బుల ప్రకటన వస్తుంది. ఇంత జరిగినా లోపలి మనిషి బయటికి తొంగి చూడడు. పింగాణీ పగిలిన చప్పుడును లోపలికి పోనివ్వకుండా, లోపలి మాటల్లో మాత్రం సరిగ్గా సగమే బయటికి వదిలే ఈ విద్య మీకెవరు నేర్పారో గానీ, వారికి దండం పెట్టాలి.

మీ కీలు ఏనాడూ కిర్రుమనకపోవడం మరొక వింత. మా ఇంటి తలుపు వానలు పడితే చాలు, ఉబ్బిపోయి గడప దగ్గర పట్టేస్తుంది. భుజం పెట్టి నెడితే గానీ తెరుచుకోదు. తెరుచుకున్న సంగతి వీధి చివరి ఇంటివారికి కూడా తెలుస్తుంది. అటువంటి తలుపు చాటున నిలబడి ఎవరి గుట్టూ వినలేము కాబట్టి, మా ఇంట్లో ఎవరికి ఏ అనుమానం వచ్చినా లోపలికి వెళ్లి ముఖం మీదే అడగవలసి వస్తోంది. తగవు పొద్దున మొదలై మధ్యాహ్నం అన్నం వేళకు తేలిపోతోంది. సీరియల్‌కు మేము పనికిరాని కుటుంబం.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానం మీద విరుచుకుపడి, కొబ్బరి చెట్లనూ జీడి తోటలనూ, వాటితో పాటు కరెంటు స్తంభాలనూ నేల కూల్చినప్పుడు చాలా ఊళ్లలో రోజుల తరబడి దీపం లేదు. మళ్లీ కరెంటు వచ్చి టీవీ పెట్టుకున్నాక, ఇన్నాళ్ల కథ పోయిందే అని బెంగపడిన వారికి మీరు గొప్ప ఊరట కలిగించారు. తుపానుకు ముందు మీ చాటున నిలబడిన కోడలు తుపాను వెలిసిన తరువాత కూడా అక్కడే నిలబడి ఉంది. చీర మాత్రం మారింది.

ప్రతి పాపమూ మీ నెత్తినే వేయడం న్యాయం కాదు. 2017లో మొదలై 2023 జనవరిలో ముగిసి, మరుసటి ఏడాదే కొత్త కథతో తిరిగి వచ్చిన "కార్తీక దీపం" సంగతే తీసుకుందాం. కథానాయకుడు డాక్టర్ బాబు భార్యను అనుమానించడానికి మూలం ప్రతినాయిక మోనిత చెప్పిన అబద్ధమే గానీ మీరు కారు. అయితే తనకు పిల్లలు పుట్టరని నమ్మిన ఆ మనిషి స్వయంగా వైద్యుడు. శాస్త్రవేత్త లాల్జీ సింగ్ డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ను మన దేశంలో నిలబెట్టింది హైదరాబాదులోని సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో. అదే పని కోసం వెలసిన సీడీఎఫ్‌డీ అనే సంస్థ ఉన్నదీ హైదరాబాదులోనే. తెలుగు సీరియళ్లలో అత్యధిక భాగం తీసేదీ ఆ ఊళ్లోనే. షూటింగుకు తెచ్చిన కారులో కాసేపు ప్రయాణిస్తే తేలిపోయే పితృత్వ పరీక్ష కోసం రాష్ట్రమంతా ఏళ్ల తరబడి ఎదురు చూసింది. ఆ భార్య, అదే మన వంటలక్క, ఓర్పును మెచ్చుకోని వారు మా వీధిలో లేరు. నా మటుకు నాకు మెప్పు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఆ కథలో నాకు నచ్చిన మనిషి సౌందర్య. నల్లగా ఉన్నదని కోడలిని ఈసడించి, ఆ తరువాత అదే కోడలి పక్షాన కొడుకుతోనే తలపడిన అత్తగారు ఆమె. మారిన మనిషి కథలో ఒక్కరున్నా చాలు, ఆ సీరియల్‌ను నేను క్షమిస్తాను.

మా ఊరి జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే ఆడవాళ్లు రాత్రి చూసిన కథను మర్నాడు పని చేసుకుంటూ తీర్పు చెబుతారు. చేతులు ఆగవు, నోళ్లూ ఆగవు. మొన్న ఒకావిడ మీ గురించి తేల్చిన మాట ఇది: "అదేటమ్మా, లోనికెల్లి ఏటి మాటాడుకుంతన్నారని అడిగెయ్యలేదేటి?" నాలుగు వందల భాగాల కథకు ఇంతకు మించిన విమర్శ నేను చదవలేదు. ఇంత పదునైన మాట మీ ఇంట్లో ఎవరి నోటనైనా వినిపిస్తుందేమోనని ఎంత వెదికినా, మా యాస అక్కడ పనిమనిషికీ, నవ్వించడానికి పెట్టిన మేనమామకూ తప్ప మరొకరికి దక్కదు. నాయిక శ్రీకాకుళం ఆడపడుచని కథలో చెప్పినా ఆమె కృష్ణా తీరంలో పుట్టినట్టే మాట్లాడుతుంది. మా యాసకు మీ వెనుక నక్కి నిలబడే హక్కు ఉంది గానీ, మిమ్మల్ని తోసుకుని లోపలికి వెళ్లే హక్కు లేదు. ఇది నాకు నవ్వులాటగా లేదు.

మా జిల్లాల వీధి నాటకమైన తూర్పు భాగోతంలో కూడా అలకలున్నాయి, సవతి పోరుంది, కబురు మోసే చెలికత్తె ఉంది. కానీ సత్యభామ తలుపు చాటున నిలబడదు. తెర తీయించుకుని, పదిమంది ఎదుటికి వచ్చి, తానెవరో చెప్పుకుని, తన తగవు తానే నడుపుకుంటుంది. మద్దెల హోరులో సైతం ఆమె మాట స్పష్టంగా వినిపిస్తుంది. తెల్లవారేసరికి ఆట ముగుస్తుంది. మీరు మూసుకున్నా, బార్లా తెరుచుకున్నా మీ కథకూ అదే గతి పడుతుందని, గురువారం గురువారం రేటింగుల కోసం గుండె చిక్కబట్టుకుని చూసే మీ యజమానులకు తెలియనిది కాదు. అందుకే మిమ్మల్ని ఇటూ అటూ కాకుండా అలా నిలబెట్టారు.

కాబట్టి నేను కోరేది స్వల్పం. మిమ్మల్ని మూసుకోమనడం లేదు. ఏదో ఒక శనివారం నాడు ఒక్కసారి గట్టిగా కిర్రుమనండి. భర్త తల తిప్పి చూస్తాడు, ఆమె లోపలికి రాక తప్పదు, మిగిలిన ఆ రెండవ వాక్యం ఏదో చెప్పేస్తాడు. కావలసి వస్తే సోమవారం నుండి ఇద్దరికీ వేరే కష్టం పెట్టుకోవచ్చు. అప్పులున్నాయి, ఉద్యోగాలున్నాయి, పిల్లల చదువులున్నాయి, సంసారంలో కష్టాలకు కరువా?

ఈ లేఖ చదివి వినిపిస్తే మా అత్తగారు ఒప్పుకోలేదు. అన్నీ అడిగేసుకుంటే ఇక ఆ వేళకు తామేమి చూడాలని ఆమె ప్రశ్న. పైగా, తమ మాటగా ఒక ముక్క చేర్చమన్నారు: ఈసారి ట్రేలో కాఫీ కప్పులకు బదులు స్టీలు గ్లాసులు పెట్టించవలెనట, రోజూ అన్నేసి పింగాణీ కప్పులు పగలడం ఆమె చూడలేకపోతున్నారట.

ఇట్లు,
పలాస నుండి,
రోజూ చూస్తూనే ఉండే ఒక ప్రేక్షకురాలు