కొక్కెం కింద పొట్టేలు

ఆదివారం తెల్లవారుజామున తిరుపతిలోనో చిత్తూరులోనో మటన్ అంగళ్ల వైపు ఓసారి వెళ్లి చూడండి. కొక్కేనికి ఒక పొట్టేలు వేలాడుతుంటుంది. దాని కిందే, తడి నేల మీద, రెండు మూరల తాడుతో ఇంకొకటి. ముందు పడేసిన ఆకు ముట్టదు. ముక్కుపుటాలు అదురుతుంటాయి, మెడ వెనక్కి లాగుతుంటుంది. మనం కిలోన్నర చెప్పి, రెండు ముక్కలు లివరు వేయమని పురమాయించి, పక్కన టీ కొట్టుకు వెళ్తాం.

ఒక జంతువు కళ్లెదుట మరొకదాన్ని కోయరాదని 2001 నాటి కబేళా నిబంధనలు చెబుతున్నాయి. చూలుతో ఉన్నదాన్ని, మూడు నెలలు నిండని పిల్లను కోయరాదు. పశువైద్యుడు గంటకు 12, రోజుకు 96 జంతువులకు మించి పరీక్షించకూడదు. అంటే ఒక్కోదానికి కనీసం ఐదు నిమిషాలు. రోడ్డు పక్క మొద్దు మీద ఇవన్నీ ఎవరు చూస్తారు?

అసలు హింస అంగడి దాకా రాకముందే మొదలవుతుంది. నాలుగున్నర, ఐదు టన్నుల లారీలో 40కి మించి గొర్రెలు, మేకలు ఎక్కించకూడదు. సంత ముగిశాక బయల్దేరే బండిని చూసినవాళ్లకు ఈ లెక్క చెబితే నవ్వుతారు. ఒకసారి కింద పడ్డ జీవం మళ్లీ లేవదు, మిగతావి దాని మీదే నిలబడతాయి. ఇంతకీ 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటిసారి క్రూరత్వానికి జరిమానా రూ.10 నుంచి రూ.50. లారీ డ్రైవరు టిఫిన్ ఖర్చు కూడా కాదు.

ఈ మాట ఎత్తగానే చర్చ మతం మీదికి మళ్లుతుంది. మత విధి ప్రకారం చేసే వధకు అదే చట్టంలోని 28వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది, దాని జోలికి మేం పోవడం లేదు. లారీలో తొక్కిసలాటను ఏ మతం అడిగింది? పశువు ఎదుట కత్తి నూరకూడదనేది ఇస్లాం సంప్రదాయంలోనూ ఉన్న మాటే.

జాలి లేకపోతే నాలుక కోసమైనా ఆలోచించాలి. బెదిరి, అలసిన పశువు కండల్లో నిల్వ ఉండే చక్కెర, గ్లైకోజెన్, ముందే కరిగిపోతుంది. కోశాక పుట్టాల్సిన ఆమ్లం చాలినంత పుట్టదు. మాంసం నల్లబడి, జిగటగా మారి, త్వరగా చెడుతుంది. ఈ పాఠం చెప్పే పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది. మాంసం కొట్టేవాళ్లకు శిక్షణ ఇప్పించడానికి హైదరాబాద్‌లో జాతీయ మాంస పరిశోధన సంస్థ ఉంది. తరతరాలుగా ఈ పని చేస్తున్నవాళ్లను దోషులుగా నిలబెట్టడం తేలిక. వాళ్లకు నీళ్లు, వెలుతురు, మురుగు పోయే దారి ఉన్న చోటు చూపించకుండా అధికారులు దాడులు చేస్తే పని ఇంకో సందులోకి మారుతుంది, అంతే.

కొనేవాళ్లూ ఒక పని చేయొచ్చు. తూకం వేయించే ముందు తొడ మీద పశువుల డాక్టరు పరీక్షించి వేసే ముద్ర ఏదని అడగాలి. అంగడాయన మొదట వింతగా చూస్తాడు. వరుసగా నలుగురు అదే అడిగితే కబేళాకు తోలుకెళ్లక తప్పదు. ఆయన వెళ్లేసరికి అక్కడ తలుపు తీసి ఉండాలి, లోపల డాక్టరు ఉండాలి, పొట్టేళ్లు ఆగడానికి కొక్కేలు కనబడని విడి కొట్టం ఉండాలి. ఆ పని మునిసిపాలిటీలది.