వాషింగ్ మెషీన్ జలజాప్యంపై విచారణ నివేదిక

మా వాషింగ్ మెషీన్‌లోకి నీళ్ళు రావడం లేదని ఎవరైనా అంటే అది అపనింద. వస్తున్నాయి. కాకపోతే పింఛను బకాయిలు వచ్చినంత నింపాదిగా వస్తున్నాయి. బటన్ నొక్కి, కాఫీ తాగి, దినపత్రికను శ్రద్ధాంజలి ప్రకటనలతో సహా చదివి వచ్చినా డ్రమ్ములోని దుప్పటికి అంచు కూడా తడవలేదు. కాసేపటికి యంత్రం నాలుగుసార్లు కూత పెట్టి, తెర మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించి, తలుపు మాత్రం తెరవనని భీష్మించుకుంది.

“ఏమండీ, ముందు వెనకాల పైపు విప్పి చూడకూడదూ?” అంది మా ఆవిడ. ఆ సూచనను నేను అక్కడికక్కడే తోసిపుచ్చాను. విచారణ ఎప్పుడైనా పైనుంచి మొదలై, ఎంతో కాలానికి, గత్యంతరం లేనప్పుడు మాత్రమే కిందికి దిగాలన్నది ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పద్ధతి. కనుక తొలి ముద్దాయి డాబా మీది ట్యాంకు. ఒత్తిడి చాలడం లేదంటూ అపార్ట్‌మెంట్ సంఘానికి అర్జీ రాసి, పై అంతస్తువాళ్ళందరి చేతా సంతకాలు పెట్టించాను. మొదటి సంతకం నాదే.

ఆరోపణకు ఆధారం లేకపోలేదు. మేముండేది ఐదో అంతస్తు. ట్యాంకు సరిగ్గా మా నెత్తి మీదే ఉంటుంది. అంత దగ్గరున్నవాళ్ళకు నీటి కరువేమిటని కిందివాళ్ళు నవ్వుతారు గానీ, దీపం కిందే చీకటన్న మాట పైపులకూ వర్తిస్తుంది. పది మీటర్ల ఎత్తు నీరు సుమారు ఒక బార్ ఒత్తిడినిస్తుంది. ట్యాంకులోని నీటి మట్టానికీ మా కుళాయికీ మధ్య ఉన్నది మహా అయితే నాలుగు మీటర్లు, అంటే 0.4 బార్. మెషీన్‌తో వచ్చిన పుస్తకం కనీసం 0.3 కోరింది. ముప్పై ఐదు వస్తే పాసయ్యే పరీక్షలో ముప్పై ఆరు తెచ్చుకున్న కుర్రాడి పరిస్థితి మాది. నేల అంతస్తువారికి మరో పదిహేను మీటర్ల ఎత్తు కలిసివస్తుంది కాబట్టి వారు దర్జాగా ఫస్టు క్లాసులో ఉతుక్కుంటారు.

అయినా సాక్ష్యం కావాలి కదా అని, మెషీన్‌కు వెళ్ళే గొట్టాన్ని కుళాయి దగ్గర విప్పి, పదిహేను లీటర్ల బకెట్ పెట్టి, గడియారం పట్టుకు నిలబడ్డాను. రెండు నిమిషాల్లో నిండిపోయింది. ట్యాంకు నిర్దోషి అని ఆ బకెట్టే తేల్చేసింది. గొట్టమూ ఎక్కడా మడత పడలేదు. ఇక గత్యంతరం లేక, మెషీన్‌ను గోడ నుంచి జానెడు జరిపి, కుళాయి కట్టేసి, ప్లగ్ పీకి, వెనక గొట్టం బిగించే చోటును టార్చి వేసి చూశాను.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నారు. ఆ పూజారి అక్కడ కూర్చుని ఉన్నాడు, బొటనవేలి గోరంత జల్లెడ రూపంలో. పట్టకారుతో మెల్లగా లాగితే బయటికొచ్చింది. బోరు నీటి సున్నం తెల్లగా పేరుకుపోయి ఉంది. దాని మీద ఇసుక, కాస్త పాచి, ప్లంబరు ఎప్పుడో మరకు చుట్టిన తెల్ల టేపు పీలిక ఒకటి. నీళ్ళు దూరడానికి మిగిలినవి నాలుగైదు రంధ్రాలు. పోయిన వారమే ట్యాంకు కడిగించారు. అడుగున ప్రశాంతంగా నిద్రపోతున్న మడ్డిని కదిలించి పైపుల్లోకి పంపిన ఆ పరిశుభ్రతా కార్యక్రమానికి చందా ఇచ్చినవాళ్ళలో నేనూ ఉన్నాను.

జల్లెడ వెనకున్న వాల్వు తీరు ఇంకా ముచ్చటైనది. కరెంటు వచ్చినప్పుడు అందులోని తీగచుట్ట తెరిచేది సూదిమొనంత రంధ్రాన్నే. అసలు ద్వారానికి అడ్డున్న రబ్బరు పొరను నీరు తన ఒత్తిడితో తానే పైకెత్తుకోవాలి. బంట్రోతు గడియ తీస్తాడు, తలుపు అర్జీదారే తోసుకోవాలి. అసలే బొటాబొటి ఒత్తిడి, అందులోనూ జల్లెడ దగ్గరే సగం పోతే, ఆ తలుపు ఓరగా తెరుచుకోవడమే గొప్ప.

జల్లెడను వెనిగర్‌లో అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దాను. “ఆ పీడ తీసి అవతల పారెయ్యండి మాస్టారూ, నీళ్ళు ధారగా వస్తాయి” అని పక్క ఫ్లాటాయన సలహా ఇచ్చారు. వస్తాయి, నిజమే, దాంతోపాటు వచ్చిన ఇసుక రేణువు వాల్వులో ఇరుక్కుంటే, మెషీన్ ఆపేసినా నీళ్ళు వస్తూనే ఉంటాయి. అందుకని పూజారిని శుద్ధి చేసి మళ్ళీ గర్భగుడిలోనే ప్రతిష్ఠించాను. రెండున్నర నిమిషాల్లో నీరు నిండి డ్రమ్ము తిరగడం మొదలుపెట్టింది.

సాయంత్రం లిఫ్టు దగ్గర నోటీసు కనిపించింది. పై అంతస్తు నివాసుల అర్జీని సానుభూతితో పరిశీలించిన మీదట డాబా మీద ఒత్తిడి పెంచే పంపు పెట్టాలని సంఘం తీర్మానించిందనీ, ఫ్లాటుకు 2,500 రూపాయలు పదో తేదీలోగా చెల్లించాలనీ, సమస్యను వెలుగులోకి తెచ్చిన ఐదో అంతస్తు మాస్టారికి కృతజ్ఞతలనీ అందులో ఉంది. మా ఆవిడ నోటీసంతా చదివి నా వైపు చూసింది. నేను లిఫ్టు బటన్ నొక్కాను.