నత్తకు ‘ఆతిథేయి’ బిరుదా?

సంక్రాంతికి కొత్తల్లుడు గడప తొక్కితే, అతడు లేవలేక లేచేదాకా విస్తట్లో వడ్డిస్తూనే ఉండే గోదావరి జిల్లాల్లో పుట్టిన నాకు, జీవశాస్త్ర పాఠ్యపుస్తకాలు చేసిన ఒక అపచారం చిన్నప్పటినుంచీ మింగుడు పడడం లేదు. ఒంట్లో పురుగు చేరిన ప్రతి ప్రాణికీ అవి ‘ఆతిథేయి’ అని పేరు పెట్టాయి. చేరిన పురుగును ‘పరాన్నజీవి’ అన్నాయి. ఆ మాటతో నాకు పేచీ లేదు, అలాంటి బంధువులు మాకూ ఉన్నారు.

వానాకాలం కడియం నర్సరీల్లో కుండీ ఎత్తితే కనిపించే గుల్ల లేని నత్తనే తీసుకుందాం. బ్రిటన్ పొలాల్లో దాని జాతివాళ్లను వెతుక్కుంటూ వచ్చే నులిపురుగు పేరు ఫాస్మరాబ్డిటిస్ హెర్మాఫ్రొడిటా. ఆడా మగా తానే కనుక, ఒక్కటి వచ్చినా వంశం నిలుస్తుంది. నత్త వీపున శాలువాలా ఉండే మడత వెనుక రంధ్రంలోంచి అది లోపలికి దూరి, పాలలో తోడు వేసినట్టు తనతో తెచ్చిన బాక్టీరియాను వదిలి, అవి పెరిగాక వాటిని తింటూ పిల్లల్ని పెడుతుంది. శాలువా ఉబ్బుతుంది. మనింట అతిథి చాలనేదాకా వడ్డన సాగుతుంది. అక్కడ తిండి మానేసేది ఇంటాయనే. 4 నుంచి 21 రోజుల్లో ఆయన పోతాడు, మిగిలిన శరీరాన్నీ అతిథులే ఆరగిస్తారు. పంటకు మేలని 1994లో అక్కడ ఈ పురుగులను అమ్మడం మొదలుపెట్టారు. నీళ్లలో కలిపి మడిలో చల్లుతారు. అలా చల్లిన చోటికి నత్తలు రాకుండా తప్పుకుంటాయని కూడా పరిశోధకులు గమనించారు. చుట్టం సందు మొదట్లో కనబడగానే తలుపు గొళ్లెం పెట్టుకునేవారిని ఆతిథేయులనడం, మర్యాదకు పేరుపడిన జిల్లాలను అవమానించడమేనని సవినయంగా మనవి చేస్తున్నాను.

నా గౌరవం ఆఫ్రికా రాక్షస నత్తకే దక్కుతుంది. దాని ఒంట్లోకి ఈ పురుగు దూరితే, అది తిండి మానదు. వచ్చినవాణ్ణి గుల్ల లోపలి గోడకు అతికించి, పైన పూత పూసి, అక్కడే సమాధి చేస్తుంది. గుల్ల బరువని ఏనాడో వదిలించుకున్న ఆ బ్రిటన్ పొలాల నత్తకు శాలువా కింద గుల్ల గుర్తుగా చిన్న పలక మాత్రమే మిగిలింది. అంతమంది చుట్టాలకు ఆ గోడ ఏ మూలకు సరిపోతుంది?

బొప్పాయి మొక్కల్ని కొరికే ఆ రాక్షస నత్త మా పెరటి గోడెక్కినప్పుడల్లా మా అత్తయ్య ఉప్పు డబ్బా కోసం వంటింట్లోకి పరుగెడుతుంది. నేను మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడతాను.