దెయ్యానికి మన బాకీ ఎంత?

అక్టోబరు దగ్గర పడిందంటే చాలు, ‘శరత్కాలంలో చదవాల్సిన భయానక పుస్తకాలు’ అంటూ జాబితాలు ఫోన్లలో వచ్చి పడతాయి. అన్నింటికీ బొమ్మ ఒకటే: గుమ్మడికాయ, ఎండుటాకులు, కిటికీలో గుడ్డి దీపం వెలుగుతున్న పాత ఇల్లు. మన పిల్లలూ వాటిని చూసే పుస్తకాలు తెప్పించుకుంటున్నారు. తెప్పించుకోనివ్వండి, మంచిదే. నా పేచీ ఎంపిక పద్ధతితో. ఏది ఎక్కువ హడలగొడుతుందన్నదే ఆ జాబితాలకు కొలబద్ద. మిరపకాయ బజ్జీ రుచిని కారంతో మాత్రమే తూచినట్టుంది ఇది. నేను పుస్తకాన్ని ఒక ప్రశ్న వేసి ఎంచుకుంటాను: ఇందులో దెయ్యం ఎవరిని, ఏమి అడుగుతోంది? ఏమీ అడగని దెయ్యమైతే ఇరవయ్యో పేజీ దగ్గరే మూసేస్తాను.

ఋతువు సంగతి త్వరగా తేల్చేద్దాం. విక్టోరియా కాలపు ఇంగ్లండులో దెయ్యం కథలు క్రిస్మస్‌కు చెప్పుకునేవారు. జపానులో వాటి కాలం నడివేసవి. మనకు అక్టోబరంటే రాలే ఆకులు కావు, పొట్ట మీద ఉన్న వరిచేను, బంగాళాఖాతంలో వాయుగుండం. అయినా ఈ కాలానికీ చనిపోయినవారికీ మన దగ్గర లంకె ఉంది. అది అమెరికా నుంచి దిగుమతి అయినదేమీ కాదు. భాద్రపద బహుళంలో మహాలయ పక్షం. దీపావళి నాడు పితృదేవతలకు దారి చూపే ఉల్కాదానం. నవంబరు 2న కతోలిక ఊళ్లలో సమాధుల పండుగ, సున్నం కొట్టిన సమాధుల మీద పూలు, కొవ్వొత్తులు. బెంగాలీలైతే కాళీపూజ ముందు రోజు రాత్రి పద్నాలుగు దీపాలు వెలిగిస్తారు. వీటన్నింటి అడుగునా ఒక భయం ఉంది. ఇవ్వాల్సినది ఇవ్వకుండా వదిలేశామేమోనన్న భయం. పితృఋణం అనే మాట ఊరికే పుట్టలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను ఊడ్చేసిన తర్వాత మా వీధికి కరెంటు రావడానికి వారం పైనే పట్టింది. కూలిన చెట్ల పచ్చి వాసన, ఎక్కడో తలుపు కొట్టుకుంటున్న చప్పుడు, కొవ్వొత్తి వెలుగులో రవీంద్రనాథ్ టాగోర్ ‘క్షుధిత పాషాణ్’ అనువాదం. 1895 నాటి కథ. దసరా సెలవుల ప్రయాణం నుంచి తిరిగి వస్తున్న ఇద్దరికి రైలులో ఒక అపరిచితుడు తగులుతాడు. ఒకప్పుడు తాను నిజాం కొలువులో పత్తి సుంకం వసూలు చేసేవాడినని, బరీచ్ అనే ఊళ్లో పాడుబడిన పాలరాతి మహలులో దిగానని చెప్పుకొస్తాడు. అంటే కథలోని ఆ మహలు మన నిజాం ఇలాకాలోదే! పగలంతా లెక్కల పుస్తకాలు, రాత్రి అయితే గజ్జెల చప్పుడు, అత్తరు వాసన. ఎక్కడి ఎడారి నుంచో అమ్ముడుపోయి అంతఃపురానికి చేరిన ఒక పడుచు చీకట్లో ఏడుస్తూ అడుగుతుంది, నన్ను ఇక్కడి నుంచి తీసుకుపొమ్మని. తెల్లవారగానే పిచ్చి మెహర్ అలీ మహలు చుట్టూ తిరుగుతూ కేక పెడతాడు: దూరంగా పో, అంతా అబద్ధం! ఆ ఇంట్లో తీరకుండా పోయిన కోరికల ఉసురు తగిలి రాళ్లకే ఆకలి పుట్టిందని ముసలి గుమాస్తా కరీంఖాన్ వివరిస్తాడు. అసలు కథ మొదలయ్యేవేళకు రైలు వచ్చేస్తుంది, చెప్పేవాడు వేరే పెట్టె ఎక్కి వెళ్లిపోతాడు. పుస్తకం మూశాక నాకు దడ పుట్టించింది గజ్జెల చప్పుడు కాదు. ఆ పిల్ల అడిగినది ఎవరూ ఇవ్వలేదన్న సంగతి.

ఈ కొలబద్ద పట్టుకుని చూస్తే పాత పుస్తకాలు కూడా కొత్తగా తెరుచుకుంటాయి. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ (1818) తీసుకోండి. చాలామంది ఆ పేరు రాక్షసుడిదనుకుంటారు. నిజానికి అది వాడిని తయారుచేసి వదిలేసినవాడి పేరు, వాడికైతే పేరే లేదు. వాడు అడిగింది ఒక తోడు. అమెరికా రచయిత్రి టోనీ మారిసన్ నవల ‘బిలవ్డ్’ (1987) మరీ దగ్గరగా వచ్చి నిలబడుతుంది. మళ్లీ బానిసల వేటగాళ్ల చేతిలో పడనివ్వకూడదని కన్నబిడ్డను చంపుకొన్న తల్లి అందులో ఉంది. 1856లో మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీకి నిజంగా జరిగినదే దానికి బీజం. ఆ బిడ్డ సమాధిరాయి మీద తల్లి చెక్కించగలిగింది ఒక్క మాట, ‘బిలవ్డ్’. ఆ మాటే పేరుగా తిరిగివచ్చిన పిల్ల తిండి అడుగుతుంది, కబుర్లు అడుగుతుంది, తల్లిని తనకే ఉండిపొమ్మంటుంది. పిల్ల లావెక్కుతూ ఉంటే తల్లి చిక్కిపోతూ ఉంటుంది. వడ్డీ పెరిగిన అప్పు ఇలాగే తింటుంది మనిషిని. డ్రాక్యులా సంగతి అంటారా? ఆయన లండన్ దగ్గర ఇల్లు కొనుక్కోవాలనుకున్నాడు. ఆ కాగితాల పని మీద వెళ్లిన కుర్ర న్యాయవాదే ముందుగా చిక్కాడు. స్థలాల రిజిస్ట్రేషన్లతో వేగిన తెలుగువాడికి అంతకంటే నమ్మదగిన ఆరంభం దొరకదు.

మన బేతాళుడి కోరిక అన్నింటికంటే చిత్రమైనది. ఆయన రక్తం అడగడు, తీర్పు అడుగుతాడు. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. 11వ శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలో 25 కథలుగా ఉన్నదాన్ని చందమామ కొత్త కథలు అల్లుకుంటూ దశాబ్దాల పాటు నడిపింది. వాటన్నింటికీ మూలమని చెప్పే బృహత్కథను గుణాఢ్యుడు పైశాచీ భాషలో రాశాడని, శాతవాహన రాజు దాన్ని కాదన్నాడని, కవి అడవిలో మృగాలకు చదివి వినిపిస్తూ ఒక్కొక్క ఆకే మంటలో వేశాడని ఐతిహ్యం. ఏడు లక్షల శ్లోకాల్లో లక్షే మిగిలిందట. రాజు వినకపోవడం వల్ల కాలిపోయిన ఆరు లక్షల శ్లోకాలు! అంతకు మించిన దెయ్యం కథ ఉంటుందా?

చేతబడి చేశారన్న అనుమానంతో ముసలివాళ్లను కొట్టి చంపుతున్న నేల మీద దెయ్యం పుస్తకాలకు ప్రచారమేమిటని హేతువాద మిత్రులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 1980లలో వారపత్రికలను ఊపేసిన ధారావాహికల సంగతి వాళ్లు మరిచిపోలేదు, వాటికి ‘క్షుద్ర సాహిత్యం’ అని పేరు పెట్టిందీ ఆ కాలపు విమర్శకులే. అయితే నా కొలబద్ద సరిగ్గా అక్కడే పనికొస్తుంది. పక్కింటివాడిని చూసి భయపడమని నేర్పే పుస్తకం ఒకటి, మనం చేసినదాన్ని చూసి భయపడమనేది ఇంకొకటి. మొదటిదాన్ని పడేయండి. రెండోదాన్ని కూడా ఆ గంపలోనే వేసి అవతల పారేయడం వల్లనే మనకు మంచి దెయ్యం నవల కరువైంది. సరదాకు చదువుకుంటే తప్పేమిటి అనేవారితో నాకు తగాదా లేదు, సరదా పుస్తకాన్ని సరదాగానే మరిచిపోతారు.

ఇక నేను చదవాలనుకుంటున్న దెయ్యం నవల గురించి. అది ఇప్పటిదాకా నా చేతికి రాలేదు. నంద్యాల జిల్లాలో సప్తనదుల సంగమం దగ్గర సంగమేశ్వరం గుడి ఉంది. వేపమొద్దు శివలింగం. శ్రీశైలం జలాశయం నిండినప్పుడల్లా గుడి మునిగిపోతుంది, వేసవికి నీరు తగ్గాక బయటపడుతుంది. అర్చకులు చివరి పూజ చేసి హారతి ఇచ్చి గట్టుకు వచ్చేస్తే ఆ ఏటికి అంతే. టీవీలు ఏటా ఆ దృశ్యాన్ని భక్తితో చూపిస్తాయి. గుడి అయినా తేలుతుంది. ఆ నీటి కిందనే పదుల కొద్దీ ఊళ్లు ఉన్నాయి, 1981లో ఖాళీ చేయించినవి. ఇల్లు, వాకిలి, చింతచెట్టు, పీర్లచావిడి, వల్లకాడు. నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిస్తామని 1986లో జీవో 98 ఇచ్చారు. దాని అమలు కోసం తండ్రులు తిరిగిన కార్యాలయాల చుట్టూనే కొడుకులు తిరిగారు. మహలు రాళ్లకు ఆకలి పుడితే అంత గొప్ప కథ అయింది కదా, ఇన్ని ఊళ్ల గడపరాళ్ల ఆకలి ఎంత ఉండాలి? కరెంటు దీపం కింద కూర్చుని కరెంటు పోయిన రాత్రుల కథలు చదువుకునే మనకు, ఆ కరెంటులో కొంత ఏ ఊళ్ల మీదుగా వచ్చిందో చెప్పే దెయ్యం ఎదురుపడాలి. ఎదురుపడి, అడగాలి.

కర్నూలులో నాకు తెలిసిన ఒక పెద్దాయన మహాలయ అమావాస్యకు ఏటా జలాశయం గట్టుకు వెళ్లి తిలోదకాలు వదులుతాడు. ఇంత దూరం ఎందుకు, ఊళ్లోనే తుంగభద్ర ఉంది కదా అని అడిగాను. తండ్రిని, తాతను కాల్చిన చోటు ఇక్కడే ఉందన్నాడు. ఎక్కడ అంటే, నీళ్ల నడుమ ఒక జాలరి వల తీస్తున్న వైపు చెయ్యి చాచాడు. కాసేపు చూసి, ఆ పడవకు కొంచెం ఇవతల, అని సరిచేశాడు.